మా యూనియన్ ఎవరి వైపు? పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ ఎక్కువగా ఒకే విషయం మీద ఉన్నాయండి, టీచర్ ఎమ్మెల్సీ ఎన్నిక, అంటే టీచర్ల ఓట్లతో శాసనమండలికి సభ్యుణ్ణి ఎన్నుకోవడం. ఉభయ గోదావరి, కృష్ణా గుంటూరు ఉపాధ్యాయ స్థానాలు రెండూ 2027 మార్చిలో ఖాళీ అవుతాయి కాబట్టి ఇటు ఆంధ్రలో సంఘాల్లో కదలిక ముందే మొదలైంది, తెలంగాణ నుంచి రాసినవాళ్లేమో 2025లో తగిలిన దెబ్బలు ఇంకా తడుముకుంటున్నారు. అన్నీ అచ్చు వెయ్యలేం, ఆరు తీసుకున్నా. రాసినవాళ్ల పేర్లు, స్కూళ్ల పేర్లు, సంఘం పేర్లు కావాలనే తీసేశాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

*

ప్రశ్న: మాస్టారూ నమస్కారమండి. నేను జడ్పీ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్ ని, పదహారేళ్ల సర్వీసు, చేరిన మొదటి నెల నుంచీ ఒకే సంఘం. పోయిన నెల ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి గ్రూపులో మెసేజ్ వచ్చింది, రేపు పదింటికి మండల శాఖ సమావేశం అని. వెళ్లేసరికి జిల్లా నాయకులు ఇద్దరు కూర్చునున్నారు, వెనకాల ఫ్లెక్సీ మీద అభ్యర్థి ఫోటో అప్పటికే ఉంది. వచ్చింది ఓ పాతికమందిమి. నేను లేచి అసలు మిగతావాళ్లు ఎవరెవరు పోటీలో ఉన్నారు, వాళ్లతో మాట్లాడామా అని అడిగితే టైం లేదు మాస్టారూ, రాష్ట్ర శాఖ నిర్ణయం అయిపోయింది అన్నారు. సాయంత్రానికల్లా గ్రూపులో ఫోటోతో సహా 'ఏకగ్రీవ తీర్మానం' అని పోస్టు. ఏకగ్రీవం కాదండి, నేను అభ్యంతరం చెప్పాను అని కింద రాశా, పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఇప్పుడు మెంబర్షిప్ కి రాజీనామా చెయ్యమని ఇంట్లోవాళ్లు, వేరే సంఘంలోకి రమ్మని ఆ సంఘంవాళ్లు. ఏం చెయ్యమంటారు?
(ఒక స్కూల్ అసిస్టెంట్, కోనసీమ)

జవాబు: రాజీనామా మాత్రం చెయ్యొద్దు మాస్టారూ. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఒక్కటీ మనసులోంచి తీసెయ్యండి. పదహారేళ్లు చందా కట్టింది, ధర్నాచౌక్ లో ఎండకి కూర్చుంది మీరు, ఆ ఇల్లు మీది కూడా. గ్రూపులోంచి తీసేస్తే సంఘంలోంచి తీసేసినట్టు కాదు. గ్రూపుకి అడ్మిన్ ఉంటాడు, సంఘానికి నిబంధనావళి ఉంటుంది.

నాకు 2007 గుర్తొస్తుందండి. 1985లో రద్దయిన శాసనమండలి ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ బతికిన సంవత్సరం, టీచర్ ఎమ్మెల్సీ అనే మాటే మాలో చాలామందికి కొత్త, పాత హెడ్మాస్టర్లు ఒకరిద్దరు తప్ప ఆ ఓటు వేసినవాళ్లే లేరు. మా మండల శాఖ మీటింగ్ ఓ హైస్కూల్లో ఎనిమిదో తరగతి గదిలో పెట్టుకున్నాం, వారం ముందే ప్రతి స్కూలుకీ కాగితం మీద నోటీసు వెళ్లింది, రిజిస్టర్లో అందరి సంతకాలూ ఉన్నాయి. పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక అడ్డంగా కూర్చుని సాయంత్రం అయిదింటి నుంచి దీపాలు పెట్టేదాకా వాదించుకున్నాం, ఒకాయన కోపంతో బయటకెళ్లి వేపచెట్టు కింద నిలబడి మళ్లీ ఆయనే లోపలికొచ్చాడు. చివరికి చీటీలు రాసి చాక్ పీసుల డబ్బాలో వేశాం, మా డ్రిల్ మాస్టారు ఒక్కో చీటీ విప్పి చదువుతుంటే బోర్డు మీద గీతలు గీశాం, నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత. మా కార్యదర్శి కోరుకున్న పేరు ఓడిపోయింది. ఆయన మినిట్స్ పుస్తకం తెరిచి, అదే పొడుగు రూళ్ల నోటుబుక్కు, ఎవరికి ఎన్ని వచ్చాయో రాసి, కింద 'ఫలానా సభ్యులు విభేదించారు' అని తన పేరు మొదట రాసుకుని సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే కరపత్రాల కట్ట సైకిల్ వెనకాల కట్టుకుని, తను వద్దన్న అభ్యర్థి కోసమే ఊరూరూ తిరిగాడు. ఆ మనిషి మీద నాకు ఈరోజుకీ గౌరవం తగ్గలేదు.

మీ దగ్గర జరగనిది అదే. సంఘం ఒక అభ్యర్థి వైపు నిలబడటం తప్పు కాదు, నిలబడాలి కూడా. ఎవరికి తోచింది వాళ్లు చేస్తే సంఘం ఎందుకు, పైగా మనం నిలబెట్టిన మనిషి అయితే రేపు నిలదీసి అడగొచ్చు. కానీ సభ్యుల్ని అడగకుండా ఇచ్చే మద్దతు నాయకుల మద్దతు అవుతుంది, సంఘం మద్దతు ఎలా అవుతుంది చెప్పండి? ముందు రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టిన మెసేజ్ నోటీసు కాదు. ముందే ఫ్లెక్సీ కొట్టించుకొచ్చి పెట్టింది చర్చ కాదు. ఒక్కరు లేచి కాదన్నాక 'ఏకగ్రీవం' అనే మాట రాయడం అబద్ధం, పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పే మనం అది రాయకూడదు. మెజారిటీతో తీర్మానం అని రాస్తే ఏం పోయింది?

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. మీ సంఘం నిబంధనావళి తెప్పించుకోండి, జిల్లా ఆఫీసులో ఉంటుంది, లేదంటే పాత డైరీల్లో వేసుంటుంది. మండల సర్వసభ్య సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం ఎంత, ఇంతమంది సభ్యులు రాసిస్తే ప్రత్యేక సమావేశం పెట్టాలని ఏమైనా ఉందా, ఈ మూడూ చూడండి. తర్వాత మండల కార్యదర్శికి ఒక పేజీ ఉత్తరం రాయండి. తిట్టొద్దు, తేదీ, టైము, ఏం జరిగింది, మీరేం అడిగారు, మీ అభ్యంతరం మినిట్స్ లో నమోదు చెయ్యమని, అంతే. చేతికిచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి, ఒకటి జిల్లా శాఖకి పంపండి. మీలాగే అనుకున్నవాళ్లు ఆ పాతికమందిలో కనీసం అయిదారుగురైనా ఉంటారు, మొహమాటానికి నోరెత్తి ఉండరు, వాళ్ల ఇళ్లకి వెళ్లండి, ఫోన్ లో కాదు.

ఇంకో సంగతి, వాళ్లని 'ఆయనొద్దు' అనే మాటతో పిలవకండి, అది మనిషి మీద గొడవ అయిపోతుంది. 'అభ్యర్థులందరినీ మన మండలానికి పిలిచి ఒక గంట ప్రశ్నలు అడుగుదాం' అని పిలవండి, దానికి కాదనేవాడుండడు. అప్పుడు ఏం అడగాలో కూడా ముందే రాసుకోండి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్ల పెన్షన్ సంగతి ప్రతి అభ్యర్థీ మాట్లాడతాడు, సీపీఎస్ (పాత పెన్షన్ బదులు వాళ్లకి పెట్టిన, జీతంలోంచి వాటా కట్టే పెన్షన్) రద్దు అని స్టేజీ మీద అనడం తేలిక, మండలిలో ఏ రూపంలో ఎత్తుతావు, ప్రశ్నగానా ప్రైవేటు తీర్మానంగానా అని అడగండి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, అయిదేళ్లకి మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, పాసవ్వాలని, యాభై దాటిన వాళ్లు కూడా రాత్రిళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నారు, దాని మీద ఏం చేశావు అని అడగండి. స్కూళ్లనీ టీచర్ పోస్టుల్నీ సర్దుతూ 2022లో వచ్చిన 117 జీవో అప్పుడు ఎక్కడున్నావు, దాని బదులు 2025లో కొత్త జీవోలొచ్చినప్పుడు ఏం రాసిచ్చావు అని అడగండి. జవాబు చెప్పలేని అభ్యర్థి దగ్గర ఫ్లెక్సీ ఎంత పెద్దగా ఉన్నా ఉపయోగం లేదు.

అన్నీ అయ్యాక కూడా మెజారిటీ అటే ఉంటే సంఘం వేదిక మీద, సంఘం పేరుతో, వ్యతిరేక ప్రచారం మీరు చెయ్యకండి. అది క్రమశిక్షణ. మీ బ్యాలెట్ మాత్రం మీది, దాని మీద ఏ తీర్మానమూ పనిచెయ్యదు.

*

ప్రశ్న: సార్, మాది తెలంగాణ. మా సంఘంల లీడర్లు చెప్తరు, ఒకటే వెయ్యుండ్రి, రెండో ప్రాధాన్యం ఎవ్వలకి ఇయ్యొద్దు, ఇస్తే మనోనికి దెబ్బ పడ్తది అని. 2025ల గట్లనే చేసినం. మా అభ్యర్థి ఎలిమినేట్ అయిండు, మా ఓట్లు యాడికి పోయినయో తెల్వదు. గిది నిజమేనా?
(ఫిజిక్స్ టీచర్, నల్గొండ జిల్లా)

జవాబు: నిజం కాదు సార్. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ రెండు రాష్ట్రాల్లోనూ పాతుకుపోయింది.

ఈ ఎన్నికలో ఒక్కళ్లకే ఓటు అని కాదు, అభ్యర్థుల ఎదురుగా మన ఇష్టం వరసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాం, అవే ప్రాధాన్యాలు. లెక్క ఇలా ఉంటుంది. చెల్లిన ఓట్లు 20,000 అనుకోండి, సగం ప్లస్ ఒకటి, అంటే 10,001 కోటా. మొదటి ప్రాధాన్యంతోనే ఎవరైనా అంత దాటితే అక్కడితో అయిపోయింది, మీ కాగితం మీద 2 ఉన్నా 3 ఉన్నా ఎవరూ చూడరు. దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని తీసేసి ఆయన కాగితాల మీద 2 ఎవరికుందో చూసి వాళ్లకి కలుపుతారు, అలా కింద నుంచి ఒక్కొక్కళ్లనీ తీసుకుంటూ పైకొస్తారు. మరి మీ 2 ఎప్పుడు తెరుస్తారు? మీ 1 పోటీలోంచి పోయాకే. మీ అభ్యర్థి బతికున్నంతసేపూ మీ కాగితం ఆయన కట్టలోనే ఉంటుంది, ఆ రెండో అంకె ఆయన్ని ఏమీ చెయ్యలేదు. ఒక్కటే వేస్తే మాత్రం ఆయన పోగానే మీ కాగితం పక్కన పెట్టేస్తారు, చివరి ఇద్దరిలో ఎవరు కావాలో తేలే వేళకి మీరు గదిలో లేనట్టే. మీ ఓట్లు పోయింది అక్కడికే.

ఇది పుస్తకంలో లెక్క కాదు సార్, మీ కళ్ల ముందే జరిగింది. 2025లో కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మెదక్ ఉపాధ్యాయ స్థానంలో బీజేపీ అభ్యర్థి మల్క కొమరయ్య మొదటి ప్రాధాన్యంతోనే బయటపడ్డారు. మీ వరంగల్, ఖమ్మం, నల్గొండలో మాత్రం మొదటి రౌండులో ఎవరికీ కోటా రాలేదు, ఎలిమినేషన్లు చేసుకుంటూ పోయి పీఆర్టీయూ అనే టీచర్ల సంఘం మనిషి శ్రీపాల్ రెడ్డి గెలిచారు, సిట్టింగ్ ఎమ్మెల్సీ, యూటీఎఫ్ సంఘం నర్సిరెడ్డి ఓడిపోయారు. ఉత్తరాంధ్రలోనూ అంతే, అక్కడ పీఆర్టీయూ గాదె శ్రీనివాసులునాయుడు, ఏపీటీఎఫ్ పాకలపాటి రఘువర్మ, యూటీఎఫ్ కోరెడ్ల విజయగౌరి, మూడు సంఘాల మధ్య పోటీ. రఘువర్మకి తెలుగుదేశం, జనసేన మద్దతు కూడా ఉంది. మొదటి ప్రాధాన్యంతో ఎవరికీ తేలలేదు, ఓడిన అభ్యర్థుల కాగితాల మీద రాసిన రెండో అంకెలే ఫలితం తేల్చాయి, గాదె గెలిచారు. 2019లో ఇదే ఇద్దరిలో రఘువర్మ గెలిచారని గుర్తుపెట్టుకోండి. మూడు పెద్ద సంఘాలున్న చోట మూడో సంఘం వాళ్ల 2 ఎవరికి అనేది చాలా విలువైనది, అది ఖాళీగా వదిలెయ్యమనడం సభ్యుడి చేతిలో సగం ఓటు లాక్కోవడమే.

అందుకే నేను ప్రతి మీటింగులోనూ చెప్తుంటాను, మండల శాఖ కూర్చుని 1 ఎవరికని తేల్చుకున్నాక అదే సమావేశంలో 2 ఎవరికో కూడా మాట్లాడుకోవాలి. మన అభ్యర్థి ఓడితే మిగిలినవాళ్లలో మన సమస్యలకి దగ్గరగా ఉన్నది ఎవరు? ఈ ప్రశ్న అడగాలంటే నాయకులకి ఇబ్బందే, పక్క సంఘం మనిషి పేరు నోటితో చెప్పాలి కదా. కానీ సంఘాలు వేరైనా టీచర్లం ఒకటే కదా సార్, జీతం బిల్లు ఒకటే, డీఏ బకాయి ఒకటే, మీ దగ్గర ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకి పంచుతూ 2021 డిసెంబర్ లో వచ్చిన 317 జీవోతో భార్య ఒక జిల్లా భర్త ఒక జిల్లా అయిపోయినప్పుడు అది ఏ సంఘం సభ్యుడని చూసి కొట్టలేదు.

*

ప్రశ్న: నేను ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్) సార్, ప్రైమరీ స్కూల్లో ఇద్దరం టీచర్లం. సంఘం చందా అందరిలాగే కడతా, సభలకి బస్సు మాట్లాడేది, జెండాలు కట్టేది, అన్నాలు చూసేది ఎక్కువ మా ఎస్జీటీలమే. ఎమ్మెల్సీ ఎన్నికొస్తే మీకు ఓటు లేదుగా అని పక్కన కూర్చోబెడతారు. ఈసారి మండల మీటింగులో 'ఓటున్నవాళ్లే చెయ్యెత్తండి' అన్నారు. చాలా బాధేసింది. మాకు ఓటు ఎందుకు లేదు, మీటింగులో కూడా మాకు మాట లేదా?
(ఒక ఎస్జీటీ, ఏలూరు జిల్లా)

జవాబు: ఆ మాట చదివి నాకు కూడా బాధేసిందమ్మా. ముందు మీటింగు సంగతి. ఎన్నికలో ఓటు రాజ్యాంగం ఇచ్చేది, సంఘంలో ఓటు చందా ఇచ్చేది. చందా కట్టిన ప్రతి సభ్యురాలూ సంఘం తీర్మానంలో చెయ్యెత్తొచ్చు, మీ నిబంధనావళిలో ఎస్జీటీలకి చెయ్యెత్తే హక్కు లేదని ఎక్కడైనా ఉంటే నాకు పంపండి, నేనైతే ఎక్కడా చూడలేదు. వచ్చేసారి అలా అంటే లేచి ఇదే మాట అడగండి, మీ పక్కనున్న ఎస్జీటీల్ని కూడా లేపండి. అసలు ఓటు లేనివాళ్ల మాటే ముందు వినాలంటాను నేను, ఎందుకంటే గెలిచిన ఎమ్మెల్సీ ఓటున్నవాళ్ల ఫోన్ ఎలాగూ ఎత్తుతాడు, ఓటు లేని మీ తరపున అడగాల్సింది సంఘమే.

ఓటు ఎందుకు లేదంటే రాజ్యాంగం 171వ అధికరణంలో అలా రాశారు. మండలిలో పన్నెండో వంతు సభ్యుల్ని టీచర్లు ఎన్నుకోవాలి, ఆ టీచర్లు సెకండరీ స్కూలు స్థాయికి తగ్గని సంస్థలో కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలి అని. ఏపీ మండలిలో 58 మందికి అయిదుగురు, తెలంగాణలో 40 మందికి ముగ్గురు అలా వచ్చినవాళ్లే. ప్రైమరీ టీచర్ ఆ లెక్కలోకి రారు. ఇది మార్చాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలి, ఎమ్మెల్సీ అభ్యర్థి 'నేను గెలిస్తే మీకు ఓటు ఇప్పిస్తా' అని చెప్తే నమ్మొద్దు, 'దాని కోసం తీర్మానం పెట్టించడానికి కొట్లాడతా' అంటే వినండి. అ ఆలు దిద్దించే టీచర్ని టీచర్ గా లెక్కెయ్యని ఆ వాక్యం నాకు ఎప్పుడు చదివినా గుచ్చుకుంటుంది, మారాల్సిందే.

ఈలోపు మీ చేతిలో ఉన్నది ఒకటి చాలామంది ఎస్జీటీలు వాడుకోవట్లేదు. మీకు డిగ్రీ ఉంటుంది కదా, డిగ్రీ అయి మూడేళ్లు దాటితే పట్టభద్రుల స్థానానికి ఓటరుగా చేరొచ్చు, దానికి ఫారం 18. మీ దగ్గర ఆ ఎన్నిక 2025 ఫిబ్రవరిలోనే అయిపోయింది కాబట్టి మళ్లీ 2031కి వస్తుంది, అప్పుడు మర్చిపోకండి. హైస్కూలు టీచర్లు రెండిట్లోనూ చేరొచ్చు, టీచర్ గా ఒకటి, గ్రాడ్యుయేట్ గా ఒకటి.

*

ప్రశ్న: అసలు ఈ ఎమ్మెల్సీ వల్ల ఒరిగేదేంటండి? మండలికి పవరే లేదంటారు, దాని కోసం సంఘాలు చీలిపోయి, ఇరవై ఏళ్ల స్నేహితులు మాట్లాడుకోవడం మానేస్తున్నారు. ఎవరికీ మద్దతివ్వకుండా సంఘం తటస్థంగా ఉంటే పోలా?
(రిటైర్డ్ హెడ్మాస్టర్, గుంటూరు)

జవాబు: మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు, నేను కూడా ఇలా పోగొట్టుకున్న స్నేహితులున్నారు. పవర్ సంగతి చెప్పాలంటే, డబ్బు బిల్లుల్ని మండలి ఆపలేదు, మామూలు బిల్లుల్ని మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఇంకో నెల, అంతకుమించి ఆపలేదు. అయినా ఏమీ లేదని అనకండి. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుల దగ్గర మండలి అడ్డం తిరిగితే నాలుగైదు రోజుల్లోనే మండలినే రద్దు చెయ్యమని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021 నవంబర్ లో మళ్లీ ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఏ పవరూ లేనిదాన్ని రద్దు చెయ్యాలని ఎవరూ అంత తొందరపడరు.

టీచర్ ఎమ్మెల్సీ అసలు పని మాత్రం అక్కడ లేదు. మంత్రిని సభలో నిలబెట్టి ప్రశ్న అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించడం, కమిషనర్ ఆఫీసులో ఆగిన ఫైలు కదిలించడం, కారుణ్య నియామకం కోసం తిరుగుతున్న ఓ టీచర్ భార్యని వెంటబెట్టుకుని సెక్రటేరియట్ మెట్లెక్కడం, ఇవీ. గోదావరి జిల్లాల నుంచి 2021లో గెలిచిన షేక్ సాబ్జీ గారు 2023 డిసెంబర్ లో రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు టీచర్లు కన్నీళ్లు పెట్టుకున్నారంటే మండలి పవర్ చూసి కాదు కదా. ఆయన స్థానానికి 2024 డిసెంబర్ లో ఉప ఎన్నిక పెడితే బొర్రా గోపీమూర్తి గారు వచ్చారు, అది కూడా సంఘం నిలబెట్టిన మనిషే.

తటస్థం అంటారా, నేను ఒప్పుకోను. సంఘాలు తప్పుకుంటే ఆ ఖాళీలోకి పార్టీలూ డబ్బూ వస్తాయి. సంఘంవాళ్లే విడివిడిగా నిలబడినా అంతే, 2023లో మహబూబ్ నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ స్థానంలో సిట్టింగ్ ఎమ్మెల్సీ ఒకవైపు, పీఆర్టీయూ అభ్యర్థి ఇంకోవైపు నిలబడ్డారు, బీజేపీ మద్దతున్న ఏవీఎన్ రెడ్డి గెలిచారు. పార్టీ అభ్యర్థి గెలవడం నేరమని కాదు, ఆయన్ని టీచర్లు ఎంచుకుని గెలిపించుకోవడం వేరు, మన కొట్లాటలో దొరకడం వేరు. స్నేహితుల విషయం మాత్రం మీరే చొరవ తీసుకోండి, మీరు పెద్దవారు, ఒక సాయంత్రం ఇద్దర్నీ ఇంటికి టిఫినుకి పిలవండి, ఎన్నిక మాట ఎత్తకండి.

*

ప్రశ్న: అభ్యర్థుల తరపున స్కూలుకి వచ్చి డైరీ, పెన్ను, ఓ హ్యాండ్ బ్యాగ్ ఇచ్చి వెళ్లారు, కవర్లు కూడా వస్తాయంటున్నారు. అందరూ తీసుకుంటున్నారు. మా ఆయన కూడా టీచరే, మా సంఘంలో డివిజన్ నాయకుడు, నీ ఓటు ఫోటో తీసి చూపించు అంటున్నారు. నవ్వుతూనే అన్నారు కానీ సీరియస్ గానే అన్నారు. ఏం చెప్పాలి?
(ఒక ఉపాధ్యాయిని, పల్నాడు)

జవాబు: బ్యాగూ వద్దు, కవరూ వద్దమ్మా. ఓటు కోసం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే, చట్టంలో ఇద్దరికీ ఉంది. నలుగురు తీసుకుంటుంటే ఒక్కళ్లు వద్దనడం కష్టమని తెలుసు, స్టాఫ్ రూంలో టేబుల్ మీద అందరి ముందూ పెట్టారనుకుంటా, మీరు మీ బ్యాగు అక్కడే వదిలేసి క్లాసుకి వెళ్లిపోండి, చాలు.

మీ ఆయన విషయం. ఆయన మంచివారే అయ్యుంటారు, డివిజన్ నాయకుడి ఇంట్లో ఓటు అటూ ఇటూ అయిందని ఎవరైనా అంటారని భయం. కానీ పోలింగ్ గదిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ఫోటో ప్రశ్నే లేదు, ఆ మాటే చెప్పండి. ఓటు రహస్యం అనేది భర్తకి కూడా వర్తిస్తుంది. ఆయన వినేట్టుంటే ఒక ప్రశ్న అడగండి, మీ డివిజన్ కమిటీలో ఎంతమంది ఆడవాళ్లున్నారు, అభ్యర్థిని ఖరారు చేసినరోజు వాళ్లలో ఎంతమంది గదిలో ఉన్నారు అని. బళ్లో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, వేదిక మీద ఎంతమంది కనిపిస్తున్నారు, నాకు తెలిసిన ఏ సంఘంలోనూ ఈ లెక్క సరిగ్గా లేదు.

లోపల ఏం చెయ్యాలో కూడా చెప్తా, ఎందుకంటే టీచర్ల ఓట్లే ప్రతిసారీ వందల్లో చెల్లకుండా పోతున్నాయి. ఈవీఎం కాదు, కాగితం. పేర్లు నిలువుగా ఉంటాయి, ఎదురుగా ఖాళీ గడి. అధికారి ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే రాయాలి, మీ జేబులో పెన్ను తీస్తే ఆ ఓటు పోయినట్టే. టిక్కు పెట్టొద్దు, ఇంటూ పెట్టొద్దు, 'ఒకటి' అని అక్షరాల్లో రాయొద్దు, సంతకం పెట్టొద్దు, మీకు నచ్చినవాళ్ల ఎదురుగా 1 అంకె వెయ్యండి. తెలుగు అంకె వేసినా చెల్లుతుంది. 1 ఒక్కళ్లకే. తర్వాత 2, 3 మీ ఇష్టం, పైన నల్గొండ సార్ కి చెప్పినట్టు వెయ్యడమే మంచిది. ఇంక్ ఆరేదాకా ఒక్క క్షణం ఆగి మడవండి, అవతలి గడి మీద అంటుకుంటే లెక్కించేవాళ్లు తలలు పట్టుకుంటారు.

*

ప్రశ్న: నేను ప్రైవేట్ హైస్కూల్లో తొమ్మిదేళ్లుగా సోషల్ చెప్తున్నా. పోయిన ఎన్నికకి నా పేరు జాబితాలో ఉంది. ఈసారి మళ్లీ అప్లై చెయ్యాలా? సంఘాలవాళ్లు మా స్కూలు గుమ్మం ఎక్కేది ఓటప్పుడే, అది కూడా చెప్పాలనిపించి రాస్తున్నా.
(ప్రైవేట్ టీచర్, రాజమహేంద్రవరం)

జవాబు: చెయ్యాలి. టీచర్, గ్రాడ్యుయేట్ స్థానాలకి ప్రతి ఎన్నికకీ జాబితా కొత్తగా తయారుచేస్తారు, పాతది చెల్లదు. ఇది తెలియక, పేరుందిలే అనుకుని పోలింగ్ రోజు బూత్ దాకా వచ్చి వెనక్కెళ్లినవాళ్లని ప్రతిసారీ చూస్తున్నా. ఎన్నికకి ముందు వచ్చే నవంబర్ 1 అర్హత తేదీ, అప్పటికి గడిచిన ఆరేళ్లలో మొత్తం మూడేళ్లు హైస్కూలు లేదా ఆపై సంస్థలో చెప్పి ఉండాలి, మధ్యలో గ్యాప్ ఉన్నా కలిపి మూడేళ్లు చాలు. ఫారం 19 నింపి, మీ హెడ్మాస్టర్ లేదా ప్రిన్సిపాల్ దగ్గర సర్వీసు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకోవాలి. మామూలుగా అక్టోబర్ మొదట్లో నోటీసు వేస్తారు, నవంబర్ మొదటి వారం దాకా ఫారాలు తీసుకుంటారు. సర్టిఫికెట్ కి మేనేజ్ మెంట్ తిప్పుతుంది, కాబట్టి సెప్టెంబర్ లోనే అడిగి పెట్టుకోండి, జీతం పడిన బ్యాంక్ స్టేట్ మెంట్ కాపీ కూడా దగ్గరుంచుకోండి.

గుమ్మం ఎక్కేది ఓటప్పుడే అన్నారు, కాదనలేను. మా గవర్నమెంట్ టీచర్ల సంఘాలు ఏళ్ల తరబడి చేసిన తప్పు అది. ఈసారి వాళ్లొచ్చినప్పుడు కరపత్రం తీసుకుని పంపెయ్యకండి, కూర్చోబెట్టండి. మాకు నియామక పత్రం లేదు, వేసవి రెండు నెలలు జీతం లేదు, పీఎఫ్ కొందరికే కడుతున్నారు, దీని మీద మీ అభ్యర్థి మండలిలో ఏం అడుగుతాడో రాసివ్వండి అనండి. కింద సంతకం పెట్టిందెవరో, ఏ తేదీనో చూసుకుని ఆ కాగితం దాచండి.